మేనమామ ఇంటి పిల్ల: హనుమకొండ తరగతి గదిలో జేన్ ఐర్

నేను హనుమకొండలోని ఒక మహిళా డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు సాహిత్యం బోధిస్తాను. ద్వితీయ సంవత్సరం విద్యార్థినులతో ఒక సెమిస్టర్ పాటు షార్లట్ బ్రాంటీ రాసిన ‘జేన్ ఐర్’ నవల చదివిన అనుభవాన్ని ఇక్కడ రాస్తున్నాను. మొదట్లో నేను చేసిన తప్పు, దాన్ని దిద్దుకోవడానికి పాఠాన్ని మార్చుకున్న తీరు, ఆ మార్పు తర్వాత ఆ నవలలోని ప్రేమ నాకే వేరుగా అర్థమైన వైనం తోటి అధ్యాపకులకు పనికివస్తాయని నమ్ముతున్నాను. తరగతిలోని ఒక అమ్మాయి గురించి కొంత వివరంగా చెప్పవలసి వస్తుంది. ఆమెను అడిగి, ఆమె సరేనన్న మేరకే, గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

మా తరగతిలో ఎక్కువ మంది పరకాల, ములుగు, నర్సంపేట, భూపాలపల్లి వైపు పల్లెల నుంచి వచ్చి హాస్టల్‌లో ఉండేవారు. తల్లో, తండ్రో, ఇద్దరూనో లేని పిల్లలు ప్రతి ఏడాదీ ఉంటారు. అమ్మమ్మ దగ్గరో, పెద్దమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో పెరిగి, అక్కడినుంచి గురుకులానికి, గురుకులం నుంచి మా దగ్గరికి వస్తారు. హాజరు పట్టీలో ఆ సంగతి ఉండదు. స్కాలర్‌షిప్ కాగితాల మీద సంరక్షకుడు సంతకం చేయవలసిన చోట, ఆ పిల్ల పెన్ను ఆగినప్పుడు తెలుస్తుంది.

నవలలో 38 అధ్యాయాలున్నాయి. పదకొండు అధ్యాయాలు తరగతిలో పూర్తిగా చదివాం, మిగిలిన కథ నేను చెప్పాను. మొదటి రెండు వారాలూ నేను ఎన్నో ఏళ్లుగా చెప్పినట్టే చెప్పాను: అనాథ బాలిక, కఠినాత్మురాలైన అత్త, చలికి వణికే బడి, ఆ తర్వాత థార్న్‌ఫీల్డ్ అనే పెద్ద భవంతి, దాని యజమాని రోచెస్టర్, ప్రేమ. కష్టాలన్నీ ప్రేమకు ముందు వచ్చే ఉపోద్ఘాతం అన్నట్టుగా మొదటి పది అధ్యాయాలను త్వరగా దాటించాను. అంతటితో ఆగక, పదేళ్ల జేన్‌ను ఎర్ర గదిలో బంధించిన ఘట్టం చదివాక, ‘మీరే జేన్ అయితే ఆ గదిలో ఏమనుకునేవారో ఒక పేజీ రాసుకురండి’ అని ఇంటిపని ఇచ్చాను. అధ్యాపకులం చాలామందిమి ఇచ్చే పనే అది. అమ్మానాన్నలున్న పిల్లలు దానిని చక్కగా రాసుకొచ్చారు. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునే ఒక అమ్మాయి మాత్రం ఏమీ ఇవ్వలేదు, ఆ తర్వాత వరుసగా నాలుగు తరగతులకు రాలేదు.

ఎందుకు రాలేదో నాకు వెంటనే తట్టలేదు. ఈలోగా తరగతిలో మరో అమ్మాయి వేసిన ప్రశ్న మా చదువును మలుపు తిప్పింది. “మేడం, ఈ అంకుల్ అంటే ఎవరు? మేనమామనా, చిన్నబాపునా?”

ఇన్నేళ్లలో నేను ‘అంకుల్ రీడ్’ అనే చెబుతూ వచ్చాను. పుస్తకం రెండో అధ్యాయంలోనే జవాబు ఉంది: రీడ్, జేన్ తల్లికి తోడబుట్టినవాడు. అంటే మేనమామ. తల్లిదండ్రులిద్దరూ ఒకరి వెనుక ఒకరు, నెల తిరక్కముందే, విషజ్వరంతో పోతే పసిగుడ్డును ఇంటికి తెచ్చుకున్నదీ, తన చివరి ఘడియల్లో భార్య చేత ‘కన్నబిడ్డలా చూసుకుంటాను’ అని మాట తీసుకున్నదీ ఆయనే. ఆయన ప్రాణం పోయింది ఆ ఎర్ర గదిలోనే. మేనమామ అన్న మాట పలకగానే తరగతి సర్దుకుని కూర్చుంది. ‘మామ ఉన్నన్ని రోజులు పిల్లకు ఇల్లు ఉంటది, మామ పోయినంక అత్త ఇల్లయితది’ అని వెనుక బెంచీ నుంచి ఎవరో అన్నారు. ఆ మేనమామ ఇల్లు గేట్స్‌హెడ్‌లో జరిగినదాన్ని ఇంతకంటే కచ్చితంగా చెప్పిన వ్యాఖ్యను నేను ఎక్కడా చదవలేదు. ఆ లెక్కన పుస్తకం విసిరి జేన్ తల పగలగొట్టిన పద్నాలుగేళ్ల జాన్ రీడ్ ఆమెకు మేనబావ. ఇంగ్లీషులో ‘కజిన్’ అన్న ఒక్క మాట కింద దాగిపోయిన ఈ వరసలు తెలుగులోకి రాగానే ఎవరికి ఎంత బాధ్యత ఉందో, ఎవరు ఎంత తప్పారో పిల్లలకు విప్పి చెప్పనక్కర లేకపోయింది.

నాలుగు తరగతుల తర్వాత ఆ అమ్మాయి వచ్చింది. ఎందుకు రాలేదని నేను అడగలేదు. తరగతి అయ్యాక తనే ఆగి, పుస్తకంలో ఎర్ర గది పేజీ తెరిచి చూపించి, “మాది పత్తి అర్ర మేడం” అంది.

మా వైపు పత్తి ఏరాక ధర వచ్చేదాకా ఇంట్లోనే ఒక గదిలో పోసి ఉంచుతారు. దూలాల దాకా పత్తే ఉంటుంది, తలుపు దగ్గర మనిషి నిలబడేంత జాగా మాత్రం మిగులుతుంది. తల్లిదండ్రులు లేని ఈ అమ్మాయి మేనమామ ఇంట్లో పెరిగింది. చిన్న చిన్న తప్పులకు అత్త ఆమెను ఆ అర్రలో పెట్టి గొళ్లెం వేసేది. చీకటికి భయం వేయలేదనీ, ఏడ్చినప్పుడు తడి ముఖానికి పత్తి నూగు అంటుకుని ఎంత తుడిచినా పోయేది కాదనీ చెప్పింది. ఆ తర్వాత చెప్పిన మాట నాకు ఇంకా గుర్తుంది: మామ చేను నుంచి వచ్చే వేళకు అత్త ఆమెను గడపలో కూర్చోబెట్టి, జుట్టులో చిక్కుకున్న పత్తిపోగులు కనిపించకుండా దువ్వెనతో నెమ్మదిగా దువ్వి తీసేసేదట. దువ్వేటప్పుడు మాత్రం అత్త చెయ్యి మెత్తగా ఉండేదట.

ఈ మాట విన్నాక నా ఇంటిపనిలో ఉన్న తప్పు నాకు తెలిసింది. ‘మీరే జేన్ అయితే’ అన్న ప్రశ్న జేన్ కష్టం తెలియని పిల్లలకు ఊహ, తెలిసిన పిల్లకు బలవంతపు వాంగ్మూలం. ఆ ప్రశ్నను ఆ రోజుతో మానేశాను. నవలను పాత్ర లోపలి నుంచి కాకుండా, పాత్ర పక్కన నిలబడి, కాగితం మీద లెక్క రాసుకుంటూ చదవాలని నిర్ణయించుకున్నాను.

ప్రతి విద్యార్థినీ ఒక నోటుబుక్కులో నాలుగు గడులు గీసుకోవాలి. జేన్ ఎక్కడుంది, ఎవరి తిండి తింటోంది, చేతిలో ఎంత డబ్బుంది, ఆమెను ఎవరు ఏమని పిలిచారు. అధ్యాయం చదివాక గడులు నింపడమే పని, సొంత అభిప్రాయం ఎవరూ రాయనక్కర లేదు. ఇష్టమైనవారు రాసుకోవచ్చు. హాస్టల్ మెస్‌లో ఏళ్లుగా తింటున్న పిల్లలకు రెండో గడి ఎంత పదునైనదో నేను ముందు ఊహించలేదు.

గేట్స్‌హెడ్ వరుసలో నాలుగో గడి నిండిపోయింది. జాన్ రీడ్ ఆమెను తమ మీద పడి తినేదానివన్నాడు. ఇంటి పనిమనిషి అంతకంటే ఒక మెట్టు కిందికి దించి, నువ్వు పనివాళ్లకంటే తక్కువ, ఎందుకంటే తిన్నదానికి పని చేయవు అంది. ‘ఉత్తగ తింటున్నవ్’ అని ఒక అమ్మాయి తెలుగులో రాసింది. లోవుడ్ బడి వరుసలో మాడిన గంజి ఉంది. దానికి బదులుగా రొట్టె, జున్ను పెట్టించినందుకు పెద్ద టీచరు మిస్ టెంపుల్‌ను బడి పెత్తందారు బ్రాకిల్‌హర్స్ట్ అందరి ముందు మందలించడం ఉంది. ఆమె తన గదిలో సొరుగు తాళం తీసి, కాగితంలో చుట్టి దాచిన కేకు జేన్‌కూ, ఆమె స్నేహితురాలు హెలెన్‌కూ కోసి పెట్టిన రాత్రి ఉంది. నరకానికి పోకుండా ఉండాలంటే ఏం చేయాలి అని బ్రాకిల్‌హర్స్ట్ అడిగితే, ఆరోగ్యంగా ఉండి చావకుండా చూసుకోవాలి అని పదేళ్ల జేన్ చెప్పిన జవాబుకు తరగతి చప్పట్లు కొట్టింది. హెలెన్ బర్న్స్ క్షయతో జేన్ చేతుల్లోనే కన్నుమూసిన పేజీలు చదువుతున్నప్పుడు మాత్రం ఎవరూ ఏ గడిలోనూ ఏమీ రాయలేదు. రచయిత్రి షార్లట్ బ్రాంటీ ఐదేళ్ల వయసులో తల్లిని పోగొట్టుకుందనీ, తనతో పాటు బోర్డింగు బడికి వెళ్లిన ఇద్దరు అక్కలు 1825లో క్షయతో చనిపోయారనీ అక్కడ చెప్పాను.

నా బోధన పూర్తిగా మారింది థార్న్‌ఫీల్డ్ దగ్గర. అప్పటిదాకా ప్రేమకథగా చెప్పుకొచ్చిన భాగాన్ని మూడో గడితో చదివేసరికి అందులో రోచెస్టర్ కంటే ముందు జీతం కనిపించింది. లోవుడ్‌లో టీచరుగా జేన్‌కు ఏడాదికి 15 పౌండ్లు. థార్న్‌ఫీల్డ్‌లో, ఇంట్లోనే ఉండి చిన్నపిల్లకు చదువు చెప్పే గవర్నెస్‌గా 30 పౌండ్లు. ఈ అంకెలు రచయిత్రి ఊహించి వేసినవి కావు. ఆమె 1841లో ఒక ఇంట్లో గవర్నెస్‌గా చేరినప్పుడు పేరుకు జీతం 20 పౌండ్లు, బట్టలు ఉతికించిన ఖర్చు కోసుకుంటే చేతికి వచ్చేది 16. ఆ కోత అనుభవించిన మనిషి 1847లో, కరర్ బెల్ అనే మారుపేరుతో అచ్చువేసిన పుస్తకం ఇది. కనుకనే మంచం పట్టిన అత్తను చూడటానికి ఊరు వెళ్తానని జేన్ సెలవు అడిగినప్పుడు, నీ దగ్గర ఎంతుందని రోచెస్టర్ అడగడం, ఐదు షిల్లింగులని ఆమె చెప్పడం, ఆయన 50 పౌండ్ల నోటు ఇస్తే నాకు రావలసింది 15 మాత్రమేనని ఆమె నిలబడడం, చివరికి ఆయన 10 ఇచ్చి 5 బాకీ పెట్టుకోవడం అంత వివరంగా ఉన్నాయి. ప్రేమ మాటల మధ్య ఇంత చిల్లర లెక్క ఎందుకు అని నేను ఏనాడూ ఆగి ఆలోచించలేదు. పిల్లలు ఆగారు.

పెళ్లి నిశ్చయమయ్యాక రోచెస్టర్ ఆమెను పట్టు బట్టల దుకాణానికి తీసుకెళ్లి అరడజను గౌన్లు కొంటానంటాడు. ఆమె బతిమాలి రెండింటికి దించి, ఆయన ఎంచిన మెరిసే రంగులు వద్దని నలుపు, ముత్యపు బూడిద రంగు తీసుకుంటుంది. పెళ్లయ్యాక కూడా ఆ చిన్నపిల్లకు చదువు చెబుతూ ఏడాదికి 30 పౌండ్లు సంపాదించుకుంటాననీ, ఆ డబ్బుతోనే తన బట్టలు కుట్టించుకుంటాననీ ఆయనతో చెబుతుంది. ఆ బట్టల దుకాణంలో కలిగిన ఇబ్బందితోనే, తనకంటూ కాస్త ఆస్తి ఉంటే బాగుండునని, మదీరా దీవిలో ఉన్న తండ్రి తోడబుట్టినవాడికి పెళ్లి కబురు చెబుతూ ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం చేరిన వేళకు రోచెస్టర్ బావమరిది మేసన్ అక్కడే ఉండడం వల్లే, రోచెస్టర్‌కు ఇంతకుముందే పెళ్లయిందనీ, భార్య అదే ఇంటి పై అంతస్తులో బతికే ఉందనీ చర్చిలో బయటపడి పెళ్లి ఆగిపోతుంది. అంటే జేన్ పెళ్లిని చెడగొట్టింది విధి కాదు, పై అంతస్తు గదిలో అరిచే మనిషి కూడా కాదు. ఒకరి డబ్బుతో పట్టు కట్టుకోలేని ఆమె ఆత్మాభిమానమే ఆ పెళ్లిని ఆపింది, అదే ఆమెను మోసం నుంచి కాపాడింది. ఈ గొలుసును నేను పాఠంలో ఎన్నడూ చెప్పలేదు. ఆ రోజు నల్లబల్ల మీద అమ్మాయిలే ఒక్కొక్క లంకె గీసి చూపించారు.

ఆ భార్య బెర్తా మేసన్ గురించి కూడా మూడో గడి నుంచే మాట్లాడుకున్నాం. రోచెస్టర్ తండ్రి ఆస్తి ముక్కలు కాకూడదని అంతా పెద్ద కొడుకుకు రాసి, చిన్నవాడికి జమైకాలో 30,000 పౌండ్లు తెచ్చే సంబంధం చూశాడు. కట్నం అన్న మాట ఎవరికీ అనువదించనక్కర లేకపోయింది. ఆ 30,000 తెచ్చిన ఆడమనిషి పై అంతస్తులో తాళం వెనుక ఉంటే, 30 పౌండ్ల జీతానికి వచ్చిన ఆడమనిషి కింద తిరుగుతోందని, ఎర్ర గదికీ ఆ పైగదికీ తాళం ఒకటేనని రాసింది మూడో బెంచీ అమ్మాయి. ఆమె ఆ సెమిస్టర్‌లో తరగతికి చదివి వినిపించిన మొదటి వాక్యం అది.

నిజం బయటపడ్డాక జేన్ వెళ్లిపోవడం మీద తరగతి రెండుగా చీలింది. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున తెల్లటి ఇల్లు ఉంది, అక్కడికి పోదాం అని రోచెస్టర్ బతిమాలుతాడు. ‘అడిగే దిక్కు ఎవరున్నరు ఆమెకు? ఉండిపోతే ఎవరికి నష్టం?’ అని ఒక పక్షం. చిత్రంగా, ఇదే ప్రశ్న జేన్ మనసు ఆమెను అడుగుతుంది: నిన్ను పట్టించుకునేవాళ్లు లోకంలో ఎవరు? నాకు నేనున్నాను, ఎవరూ లేని కొద్దీ నన్ను నేను ఎక్కువ గౌరవించుకోవాలి అన్నది ఆమె జవాబు. నేను ఈ జవాబును నీతిగా చెప్పదలుచుకోలేదు. దాని వెనుక ఉన్న తెలివిని చూపించాను. అంతకుముందు రోచెస్టర్ తాను ఉంచుకున్న ముగ్గురు ఆడవాళ్ల గురించి చెబుతూ, అలా ఉంచుకోవడం బానిసను కొనడం తర్వాత అంత చెడ్డ పని అని ఈసడిస్తాడు. తాను ఉండిపోతే రేపు తన గురించీ అదే గొంతుతో మాట్లాడతాడని జేన్ అక్కడే గ్రహిస్తుంది. మేనమామ పోయాక అత్త గొంతు ఎలా మారిందో తెలిసిన పిల్ల కనుక గ్రహించింది అని తరగతిలో తేలింది.

తర్వాతి వరుసలను అమ్మాయిలు చాలా శ్రద్ధగా నింపారు. చేతిలో 20 షిల్లింగులు, బండివాడు అడిగింది 30. మూట బండిలోనే మరిచిపోయింది. రొట్టె కోసం మెడగుడ్డ, చేతితొడుగులు ఇస్తానంటే దుకాణదారు తీసుకోలేదు. పంది తొట్టిలో పోయబోతున్న చల్లారిన గంజిని అడిగి తిన్నది. ‘ఎవరి తిండి’ అన్న గడిలో ఒకరు ‘పందిది’ అని రాశారు, ఆ మాట చదివి కొంతసేపు అందరం ఊరుకున్నాం.

ఆకలితో తిరిగిన జేన్‌కు ఆశ్రయమిచ్చిన పాదిరి సెంట్ జాన్ రివర్స్ దగ్గర వరసలు మళ్లీ అవసరమయ్యాయి. అతని తల్లి జేన్ తండ్రికి అక్కో చెల్లో, కాబట్టి అతను మేనత్త కొడుకు, ఈయన కూడా బావే. మతప్రచారానికి భారతదేశం వెళ్తూ, నన్ను పెళ్లి చేసుకుని రా అంటాడు. ఆ ప్రయాణం కోసం ఆమెకు హిందుస్తానీ కూడా నేర్పిస్తాడు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి ఒకరు అక్కడ ఆనందంగా తలెత్తి చూసింది. వస్తాను గానీ చెల్లెలిగా వస్తాను అంటుంది జేన్. ‘బావతోని చెల్లెలి వరస ఎట్ల కుదురుతది?’ అని తరగతి అడిగింది. ఇంగ్లీషు తరగతుల్లో ఎవరికీ రాని ఇబ్బంది ఇది, కానీ దీనివల్ల ఒక మంచి పని జరిగింది. మన ఇళ్లలో మేనరికం అంటే అడగకుండానే ఉన్న హక్కు. ప్రేమ లేని చోట ఆ హక్కు ఎంత బరువుగా పడుతుందో, కాదనడానికి జేన్ ఎందుకంత తడబడిందో పిల్లలు తమ ఇళ్ల నుంచే అర్థం చేసుకున్నారు. మూడో బెంచీ అమ్మాయి ఆ రోజు చాలా రాసుకుంది. నాకు చూపించలేదు, నేను అడగలేదు. వంశం, వరస అని మాటలు సాగుతుంటే ములుగు అమ్మాయి ఒకరు, “సమ్మక్క తల్లి సుత దొరికిన బిడ్డనే కదా మేడం” అంది. అడవిలో పులుల నడుమ కోయదొరలకు కనిపించిన పసిపాప కథ మా ప్రాంతంలో తెలియనివారు ఉండరు. ఆ పాప పూజలందుకునే తల్లి అయింది.

మదీరా నుంచి వచ్చిన వారసత్వం 20,000 పౌండ్లు. తనను ఆకలినుంచి కాపాడిన మేనత్త పిల్లలు ముగ్గురితో సమంగా పంచుకుని జేన్ 5,000 ఉంచుకుంది. ఆ తర్వాతే ఆమె రోచెస్టర్‌ను వెతుక్కుంటూ వెళ్తుంది. భార్య పెట్టిన మంటల్లో ఇల్లు కాలి, ఆమె చనిపోయి, ఆయన చూపు, ఒక చెయ్యి పోగొట్టుకుని ఉన్నాడు. మీరు నన్ను ఉండనివ్వకపోతే మీ గుమ్మం పక్కనే నా ఇల్లు కట్టుకుంటాను అంటుంది ఆమె. గేట్స్‌హెడ్‌లో ఎవరి గడపా తనది కాని పిల్ల ఈ మాట అనగలగడం నాకు ఈ నవలలో అన్నిటికంటే ఇష్టమైన ప్రేమ మాట. పెళ్లి ప్రకటించే ప్రసిద్ధ వాక్యం కూడా దీని తర్వాతే నాకు. అయితే ఒక సంగతి దాచకుండా చెప్పాను: భార్య ఆస్తి భార్యదేనని ఇంగ్లండులో పూర్తి స్థాయి చట్టం వచ్చింది 1882లో. జేన్ పెళ్లినాటికి ఆ 5,000 చట్టం కళ్లలో భర్త చేతికి వెళ్లిపోతాయి. ఆమెకున్న భరోసా రోచెస్టర్ మారిన తీరే తప్ప కాగితం కాదు. పిల్లలకు ఇది నచ్చలేదు, నచ్చకపోవడమే సరైనదనుకుంటాను. ఆయనను ఆమె చివరిదాకా ‘సర్’ అనే పిలుస్తుంది. తెలుగులో అది ‘మీరు’గానే ఉండాలా, ఇల్లు కాలాక ఆయన ఉంటున్న ఫెర్న్‌డీన్‌లో ‘నువ్వు’ కావాలా అన్నది గంటసేపు నడిచి తేలకుండానే ముగిసింది.

ఈ పద్ధతిలో లోపాలున్నాయి. డబ్బు, తిండి గడులు నింపే ధ్యాసలో ఆ నవలలోని చలిగాలి, చెట్లు, చంద్రుడు మాకు తప్పిపోయాయి. కొందరు విద్యార్థినులకు లెక్క మాత్రమే మిగిలి, వాక్యాల అందం అందలేదు. వచ్చేసారి రెండు అధ్యాయాలు ఏ గడీ లేకుండా, గట్టిగా చదవడానికి మాత్రమే కేటాయిస్తాను. తల్లిదండ్రులు లేని పిల్లలను ఈ నవల దానంతట అదే ఓదారుస్తుందని కూడా నేను అనను. మూడో బెంచీ అమ్మాయి సెమిస్టర్ మొత్తంలో తన గురించి నాతో మాట్లాడింది రెండుసార్లే. రెండోసారి అడిగింది కూడా నవల గురించి కాదు: బీఈడీ పూర్తయితే ప్రైవేటు బడిలో నెలకు ఎంత ఇస్తారు, హాస్టల్ ఖర్చుకు చాలుతుందా అని. నాకు తెలిసిన ఇద్దరు పూర్వ విద్యార్థినులతో ఫోనులో మాట్లాడించాను.

చివరి రాతపనిలో ఐదు ప్రశ్నలు ఇచ్చాను. ఐదోది 21వ అధ్యాయం మీద: జేన్ తండ్రి సోదరుడి ఉత్తరాన్ని మూడేళ్లు దాచి, జేన్ చనిపోయిందని అబద్ధం రాసిన అత్తను, ఆమె మరణశయ్య దగ్గర జేన్ ఎందుకు క్షమించింది? ఆ అమ్మాయి నాలుగు ప్రశ్నలకు బాగా రాసింది. ఐదో ప్రశ్నకు అంకె వేసి, కింద సగం పేజీ ఖాళీ వదిలింది. సమయం చాలలేదా అని అడిగితే, “చాలింది మేడం. దువ్వెన గుర్తొచ్చింది. అది ఎట్ల రాయాల్నో ఇంకా తెలుస్తలేదు” అంది. ఆ సగం పేజీకి నేను మార్కులు వేయలేదు, కొట్టివేత గీత కూడా గీయలేదు. కాగితం వెనక్కి ఇచ్చేసి, ఎప్పుడు రాసినా తెచ్చి చూపించమన్నాను.